మూడు ఊళ్ల బడికి ఒక గొంతు

ఉడికించి మంచునీళ్లలో ముంచిన మొక్కజొన్న పొత్తును నిలువునా నిలబెట్టి, కత్తిని పైనుంచి కిందికి ఒక్క ఊపున దింపితే గింజలు వరస చెదరకుండా జారి పళ్లెంలో పడతాయి. మరీ లోతుగా దింపితే బెండు వస్తుంది, పైపైన కోస్తే పాలు బెండులోనే ఉండిపోతాయి. ఆగస్టు వచ్చిందంటే వెండల్ ఊళ్లో ఆడవాళ్ల మోచేతుల దాకా ఈ పాలే. బల్ల జిగురు, నేల జిగురు, తలుపు పిడి జిగురు. రోండా కోస్తోంది. పక్కన కుర్చీలో ఆమె అత్తగారు ఆర్డిత్ పొత్తుల పీచు ఒలుస్తోంది. కోసిన గింజలు సంచుల్లో కట్టి ఫ్రీజరులో పడేస్తే మళ్లీ వేసవి దాకా ఇంటికి కూర.

కర్ట్ వెనక గుమ్మంలో బూట్లు విడిచి లోపలికొచ్చాడు. బడి బోర్డు సమావేశం నుంచి వస్తున్నాడు. ఆ బోర్డుకి అధ్యక్షుడతనే. పళ్లెంలోంచి గుప్పెడు గింజలు తీసి నోట్లో పోసుకుని నమిలాడు. ఆ నమలడంలోనే రోండాకి తెలిసిపోయింది.

"ట్యానర్‌కిచ్చారు," అన్నాడు.

రోండా కత్తి ఆపలేదు.

"నువ్వు ఇంట్లో మనిషివి. నీకిస్తే నలుగురూ నాలుగు మాటలంటారు. బాగుండదు కదా? పైగా నీకొచ్చిన పని ఎక్కడికి పోతుంది చెప్పు. కుర్రాడికి కొత్త, రేపటి నుంచి ఇంటికొస్తాడు, కాస్త చూపించు. ఎంతసేపు, ఐదు నిమిషాల పని."

"మగపిల్లాడు," అంది ఆర్డిత్, పీచు దులుపుతూ. "రేపు పెళ్లాం, పిల్లలు. వాడికి జీతం అవసరం. నీకేం లోటమ్మాయ్? చక్కగా ఇంట్లో కూచుని చేసుకునేదానివి, దానికి మళ్లీ ఉద్యోగమని పేరెందుకు?"

ఇంట్లో కూచుని. రోండా ఇంకో పొత్తు నిలబెట్టింది. కూచుని చేసిన పని ఆమెకి ఒక్కటీ గుర్తు రాలేదు.

దగ్గర దగ్గర ఇరవై ఏళ్ల క్రితం మాట. మూడు ఊళ్లలోనూ పిల్లలు తగ్గిపోయి, మూడు బడులూ కలిసి ఒక్కటయ్యాయి. ప్రాథమిక పాఠశాల మౌంట్ హోప్‌కి వెళ్లింది, ఉన్నత పాఠశాల వెండల్‌కి దక్కింది. రోండా పుట్టిన లార్కిన్‌కి ఏమీ దక్కలేదు. దాని బడి కూల్చేసి, ఇటుకలు ఊళ్లోవాళ్లే తలా ఒకటి ఇంటికి తీసుకుపోయారు. లార్కిన్‌కి మిగిలిందల్లా బడి పేరులో దాని పేరు. మూడు ఊళ్ల పేర్లూ కలిపి పలకాలి, ఏడాదికొకసారి వరస మార్చాలి, ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు అని ఒప్పందం. బడులన్నిటి మీదా అధికారిగా జీతమిచ్చి పెట్టుకున్న దొరగారు పక్క జిల్లాతో ఉమ్మడి. వారానికి రెండు రోజులు వచ్చి, కాఫీ తాగి వెళ్తాడు. వేసవి కబుర్ల కాగితం ఎవరు రాయాలి, బడి తెరిచే ముందు ఇళ్లకు ఎవరు తెలపాలి అన్నప్పుడు కర్ట్ సమావేశంలో చెయ్యెత్తి, "మా ఆవిడ చేస్తుందిలెండి, ఖాళీయే కదా," అన్నాడట. చప్పట్లు కొట్టారట. అతనికి.

ఆ ఏడాది ఆమె చంటిపిల్లని చంకలో వేసుకుని రాసింది. ఏడో తరగతికెళ్లే పిల్లలకి ఏ టీకాలు, ఏ తరగతికి ఎన్ని రంగు పెన్సిళ్లు, ఫుట్‌బాల్ సాధన ఎప్పుడు మొదలు, బ్యాండు పిల్లల బట్టల కొలతలు ఎప్పుడు, ఏ బస్సు ఏ మట్టిరోడ్డు మలుపులో ఆగుతుంది. రాయడం ఒక వంతు, రాశాక వచ్చే ఫోన్లు తొంభైతొమ్మిది వంతులు. మా వాడి కోటు పోయింది. మా పిల్ల బస్సులో వాంతి చేసుకుంది. వంతెన మీదికి నీళ్లొచ్చాయి, బస్సొస్తుందా? చలికాలంలో మంచు పడితే తెల్లారకముందే లేచి, దుప్పటి భుజాన వేసుకుని, "ఈ రోజు బడి రెండు గంటలు ఆలస్యం" అని ఫోనులో రికార్డు చేస్తే ఆ గొంతు మూడు ఊళ్లలో ఇంటింటికీ వెళ్లేది. కిరాణా కొట్లో వరసలో నిలబడి నోరు తెరిస్తే చాలు, ఎవరి పిల్లో వెనక్కి తిరిగి, "అమ్మా, మంచు ఆంటీ!" అనేది. ఆమె ముఖం తెలియనివాళ్లకి కూడా ఆమె గొంతు తెలుసు. రాసిన కాగితాల కింద మాత్రం ఎప్పుడూ అధ్యక్షుల వారి సంతకం. బోర్డులో ఉన్నవాళ్లకి జీతం ఉండదు. అది సేవ. ఏటా మే నెలలో దానికి ఒక పలక, పూలగుత్తి. ఆమెదీ జీతం లేని పనే. దాని పేరు తీరిక.

ఈ ఏడాది ప్రభుత్వం ఆ పనికి జీతమిచ్చి మనిషిని పెట్టుకోమంది. రోండా నీలం గౌను ఇస్త్రీ చేసుకుని, అందరిలాగే దరఖాస్తు పెట్టుకుని, అందరిలాగే ఇంటర్వ్యూకి వెళ్లింది. తన చేత్తో సర్దిన గదిలో, తన చేత్తో కాచిన కాఫీ ముందు కూర్చుని ప్రశ్నలకి జవాబులు చెప్పింది. కర్ట్ మర్యాదకి బయట నడవాలో నిలబడ్డాడు. "చూశావా, నీ కోసం బయటికొచ్చేశా," అన్నాడు ఇంటికొచ్చాక. ఆమె నమ్మింది. అదీ ఆమె చేసిన తప్పు.

ట్యానర్ మర్నాడు వచ్చాడు. ఇరవై నాలుగేళ్లు, వెండల్ ఫుట్‌బాల్ జట్టుని రాష్ట్రపోటీల దాకా తీసుకెళ్లినవాడు, బోర్డులో ఒకాయనకి మేనల్లుడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే రోండాకి సుఖంగా ఉండేది. పెట్టిన యాపిల్ పై ముక్క రెండో నమలుకే మింగేసి, "అబ్బ, మీ చేతిది తింటే మా అమ్మ గుర్తొస్తుందండీ," అన్నాడు.

"ఇంకో ముక్క పెట్టనా?"

"పెట్టండి. మీరు నిజంగా మంచివాళ్లు. నా మీద కోపంగా ఉంటారేమోననుకున్నా. కర్ట్ గారు చెప్పారులెండి, మీకే వద్దని."

రోండా చేతిలో గరిటె యాపిల్ పై పళ్లెం మీదే ఆగింది. "ఏమని చెప్పారు?"

"అదే, సమావేశంలో. మీరు పాపం ఇంటి పనికే అలిసిపోతారనీ, బాధ్యతంటే కంగారుపడతారనీ, తట్టుకోలేరనీ. మీ మంచికే వద్దంటున్నానని అన్నారట. మా మావయ్య చెప్పాడు." అంటూనే వాడి నమలడం నెమ్మదించింది. "మీకు తెలీదా?"

"తెలుసు," అంది రోండా. "తిను."

తట్టుకోలేదట. సింకు దగ్గర నీళ్లు వదిలి నిలబడింది. కడగడానికి ఏమీ లేదు. కర్ట్ తండ్రికి పక్షవాతం వచ్చి మంచాన పడితే ఎత్తి తిప్పినప్పుడు తట్టుకుంది. వరద ఏడాది బస్సు వంతెన మీద ఆగిపోతే ముప్పై ఇళ్ల తల్లుల ఏడుపు ఫోనులో ఒక్కత్తే వింది, ఒక్కొక్కరికీ పిల్ల క్షేమమని చెప్పి, ఆఖరున పెట్టేశాక బాత్రూములో కూర్చుని వణికింది. అప్పుడు కర్ట్ టీవీ ముందు నుంచి, "అయిపోయిందా? అన్నం పెడతావా?" అన్నాడు. ఆ రోజు కంగారు ఎవరికి? నడవాలో నిలబడ్డం వెనక ఉన్నది ఇదా? తనని లోపల పొడిచి, బయట నిలబడి చేతులు తుడుచుకోవడమా? కోపం వస్తుందనుకుంది. రాలేదు. కోపమైతే పాలపొంగు, నాలుగు నీటిచుక్కలు చల్లితే దిగిపోతుంది. ఇది వేరు. కాళ్ల దగ్గర్నుంచి చల్లగా, నింపాదిగా పైకెక్కుతోంది. ముప్పై ఏళ్ల కాపురంలో మొదటిసారి ఆమెకి తొందర లేదు.

తిరిగొచ్చి ట్యానర్ పక్కన కూర్చుంది. వాడు అడిగినవన్నీ చెప్పింది. అడగనిది ఒక్కటీ చెప్పలేదు.

వాడు బడి పేరు గురించి అడగలేదు. వాడు పుట్టేనాటికే మూడు బడులు కలిసే మాట నడుస్తోంది. వాడికి తెలిసినంతవరకు బడులు రెండు ఊళ్లలో ఉన్నాయి. వేసవి కబుర్ల కాగితం రంగురంగుల్లో తయారుచేసి, పైన పెద్ద అక్షరాలతో 'వెండల్ - మౌంట్ హోప్ పాఠశాలలు' అని పెట్టాడు. మూడు పేర్లయితే గీత దాటిపోతోందట, అందం పోతోందట. అచ్చుకి పంపేముందు తెచ్చి చూపించాడు. "ఎలా ఉందండీ?"

రోండా కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. లార్కిన్ లేదు. ఆమె తండ్రి ఇంటి గుమ్మం పక్కన గోడలో కూల్చిన బడి ఇటుక ఒకటి ఇంకా ఉంది. ఒక్క మాట చాలు. ఇరవై ఏళ్లుగా అలాంటి ఒక్క మాట చెప్పే కదా, కర్ట్ సంతకానికి తప్పు రాకుండా కాపాడింది!

"రంగులు బాగున్నాయి బాబూ," అంది.

కాగితాలు ఇళ్లకి చేరిన మధ్యాహ్నానికి లార్కిన్ భగ్గుమంది. లార్కిన్ రైతు మెర్ల్ ఓస్ట్రమ్ పందుల పేడ తోలే బండిని, నిండుగా ఉన్నదాన్ని, తెచ్చి వెండల్‌లో కర్ట్ విత్తనాల కొట్టు గుమ్మం ముందు ఆపి, తాళం జేబులో వేసుకుని కాఫీకి వెళ్లిపోయాడు. ఆగస్టు ఎండ.

"బండి తియ్యవయ్యా మెర్ల్!" అని కర్ట్ రోడ్డు మీద అరుస్తుంటే, "ఏ బండి? ఎవరిది? లార్కిన్ వాడిదా? లార్కిన్ అనే ఊరే లేదటగా, బండెక్కణ్ణించొచ్చింది?" అన్నాడట మెర్ల్. వచ్చే ఏడాది విత్తనాలు వేరేచోట కొంటామని నలుగురు రైతులు మొహం మీదే చెప్పారు. నవంబరులో బోర్డు ఎన్నికలు. కర్ట్ కుర్చీ కూడా అందులో ఉంది.

ఇంటికొచ్చి బూట్లు విడవకుండానే అరిచాడు. "ఆ వెధవ రాసింది నీకు చూపించాడట కదా! నీకు కనపడలేదా?"

"కనపడినా ఏం లాభం? కంగారుపడేదాన్ని కదా."

కర్ట్ తేలు కుట్టిన దొంగలా చూపు కిటికీ మీదికి తిప్పుకున్నాడు. ఏం తెలిసింది, ఎంత తెలిసింది అని అడగడానికి ధైర్యం చాలలేదు. అడిగి ఉంటే ఏమయ్యేదో? ఆ రోజు క్షమాపణ చెప్పి ఉంటే రోండా కరిగిపోయేదేమో. తర్వాత ఆమె చాలాసార్లు అనుకుంది, అడగకపోవడమే మేలైందని.

"సరే, అయిందేదో అయింది," అన్నాడు గొంతు తగ్గించి. "శుక్రవారం మొక్కజొన్న విందు ఈసారి లార్కిన్ పార్కులోనే పెడుతున్నాం, వాళ్ల కోపం చల్లారాలి. సాయంత్రం అందరూ తింటుండగా బడి ఫోన్ కబురు వెళ్లాలి. బడి ఎప్పుడు తెరుస్తారు, బస్సులు, పనిలో పని చిన్న క్షమాపణ. నీ గొంతు వింటే చల్లబడతారు రోండా. ట్యానర్ చెప్తే ఎవరు వింటారు? నేను రాసిచ్చా, చదివెయ్. ఐదు నిమిషాల పని."

"చదువుతాలే," అంది.

బట్టలుతికే గదిలో తలుపేసుకుని, తడి తువాళ్ల మధ్య నిలబడి, శుక్రవారం మధ్యాహ్నం ఆమె కబురు ఫోనులో రికార్డు చేసి, సాయంత్రానికి వెళ్లేలా పెట్టింది. కర్ట్ రాసిచ్చిన కాగితం జేబులోంచి బయటికి తియ్యలేదు.

లార్కిన్ పార్కులో సాయంత్రానికి మూడు ఊళ్ల జనం దిగారు. ఎప్పటిలాగే పొడుగు బల్లల దగ్గర మగవాళ్లు కూర్చున్నారు, ఆడవాళ్లు ఆవిరి కక్కే గంగాళాల దగ్గర నిలబడ్డారు. వెన్న కరిగించిన డబ్బాలో పొత్తులు ముంచి ఇస్తూ రోండా బల్లల వైపు చూస్తోంది. కర్ట్ ఎర్ర టోపీ పెట్టుకుని, ప్రతి లార్కిన్ వాడి భుజం మీదా చెయ్యేసి నవ్వుతున్నాడు. ఆర్డిత్ యాపిల్ పై ముక్కలు కోసి పంచుతూ, "మా వాడు చూడు, ఎంత ఓపికో! ఊరి కోసం చస్తాడు," అంది. 

"చూస్తున్నానత్తయ్యా," అంది రోండా.

అప్పుడు మోగాయి. ముందు ఒకటి, రెండు, ఆపైన పార్కు నిండా. జేబుల్లో, సంచుల్లో, బల్లల మీద, చెట్టుకి ఆనించిన పిల్లబండిలో. పొత్తులు వదిలి, వెన్న చేతులు ప్యాంట్లకి తుడుచుకుని, జనం ఫోన్లు చెవిన పెట్టుకున్నారు. కొందరు బల్ల మీదే గట్టిగా పెట్టారు. ఒకే గొంతు ఇన్ని చోట్ల నుంచి, కాస్త ముందూ వెనకగా, చర్చిలో ప్రార్థనలా లేచింది.

"రోండా హావర్‌క్యాంప్‌ని మాట్లాడుతున్నాను. లార్కిన్, మౌంట్ హోప్, వెండల్ బడుల తరఫున. ఈ ఏడు లార్కిన్ వంతు ముందు. ఆ పేరు వదిలేసి కాగితం పంపినందుకు తలవంచి క్షమాపణ అడుగుతున్నాం."

లార్కిన్ బల్లల దగ్గర ఒకరిద్దరు టోపీలు తీశారు. కర్ట్ తృప్తిగా తలూపాడు.

"ఈ నెల ఇరవై మూడున, సోమవారం, బడి తెరుస్తారు. బస్సులు పోయినేటి వేళలకే వస్తాయి. ఉప్పువాగు రోడ్డు పిల్లలు పెద్ద ధాన్యపు సైలో దగ్గర ఎక్కాలి. ఏడో తరగతి పిల్లల టీకా చీటీలు మొదటి రోజే ఇవ్వాలి. పొద్దున పలహారం పిల్లలందరికీ ఉచితం. ఆఖరుగా ఒక మాట. ఇన్నేళ్లూ మీకే అవసరం వచ్చినా మా ఇంటికి ఫోన్ చేశారు, నేనే ఎత్తాను. ఇక ఎత్తను. నేను బాధ్యతంటే కంగారుపడే మనిషిననీ, తట్టుకోలేననీ మా ఆయన బోర్డుకి చెప్పారు. బోర్డు ఒప్పుకుంది. అందుకని బస్సు రాకపోయినా, కోటు పోయినా, పిల్లకి జ్వరమొచ్చినా, మంచు పడుతుందో లేదో తెలియకపోయినా, అధ్యక్షులు కర్ట్ గారికే చెయ్యండి. తెల్లవారుజామునైనా మొహమాటపడకండి. ఇదంతా ఐదు నిమిషాల పనేనని ఆయనే నాతో అన్నారు. నంబరు చెప్తాను, రాసుకోండి."

నంబరు నిదానంగా రెండుసార్లు చెప్పింది. టీకాల తేదీలు కూడా ఆమె ఎప్పుడూ అలాగే రెండుసార్లు చెప్తుంది.

మెర్ల్ ఓస్ట్రమ్ నోట్లోంచి పొత్తు తీసి పళ్లెంలో పెట్టి, వెన్న వేలితో ఒక్కొక్క అంకె నొక్కాడు. కర్ట్ జేబు మోగింది.

"ఎత్తవయ్యా అధ్యక్షా!" అన్నాడు మెర్ల్ బల్ల ఇవతలి నుంచి. "మా మనవడికి నీలం చేతితొడుగు ఒకటి పోయింది. పోయిన జనవరిలో. కుడిచేతిది. వెతికిపెడతావా?"

ముందు నవ్వింది ఆడవాళ్లు. గంగాళాల దగ్గర మొదలై, పైల బల్ల మీదుగా, పిల్లబండ్ల మీదుగా పాకింది. ఎవరో వెన్న డబ్బా పట్టుకుని వంగిపోయి నవ్వుతోంది. కర్ట్ ఎర్ర టోపీ కింద ముఖం అంతకంటే ఎర్రబడింది. రోండా నవ్వలేదు. తినే పదార్థం ఎంతో ఇష్టమైనదైతే మనిషి మాట్లాడకుండా తింటాడు. ఆమె అలా చూసింది.

"మొగుణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేస్తావా?" అని ఆర్డిత్ పళ్ల మధ్య నుంచి అంది.

"నేను నలుగురిలో చేశాను. ఆయన తలుపులేసి చేశాడు. ఏది నయం అత్తయ్యా?"

ఆర్డిత్ కత్తి యాపిల్ పై మీద పెట్టింది. నలభై ఏళ్లు బడి విందులకి పైలు చేసిన చేతులవి. ఏ కాగితంలోనూ ఆమె పేరు రాలేదు. ఆమె ముక్క కోసి పక్కవాళ్లకిచ్చింది.

కర్ట్ ఇంట్లో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు బడి తెరిచారు. ఆపైన మాట్లాడదామన్నా ఫోను ఖాళీ ఇవ్వలేదు. ఉప్పువాగు బస్సు కాలవలో దిగబడింది. ఒకావిడ కొడుక్కి వేరుశనగ పడదట, వంటింటివాళ్లకి చెప్పావా అని నిలదీసింది. ఇంకొకామె పిల్లతో అతన్నే మాట్లాడమని, ఏడుస్తోందని, ఫోను పిల్ల చేతికిచ్చింది. కర్ట్ చెప్పుల్లో ఒకటి తొడుక్కుని, ఒకటి వెతుక్కుంటూ, వంటింట్లో గుండ్రంగా తిరుగుతూ, "ఏడవకమ్మా, ఏడవకు, నేనేం చెయ్యను చెప్పు," అంటున్నాడు. రోండా బల్ల దగ్గర వేడి కాఫీ తాగుతోంది. కాఫీ వేడిగా ఉండగా తాగితే రుచి వేరు. ఆ సంగతి ఆమె ఎప్పుడో మరిచిపోయింది. "ఏం చెప్పాలి?" అని అతను కళ్లతో అడిగాడు. ఆమె రొట్టె మీద జాము రాసుకుంది.

సెప్టెంబరులో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, కర్ట్ ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్ల కింద సంచులు వేలాడుతున్నాయి.

"ట్యానర్ మానేస్తున్నాడు. పక్క జిల్లాలో కోచ్‌గా పిలిచారట. బోర్డులో అందరితో మాట్లాడాను. ఆ ఉద్యోగం నీకే. జీతం అదే, ఇంకాస్త ఎక్కువే ఇప్పిస్తా. సంతోషమేనా? గెలిచావుగా. ఇక ఆపెయ్."

ఇప్పిస్తాడట. రోండా అతని ముఖంలోకి చూసింది. జాలి వేసింది కూడా, కొద్దిగా. జాలిని పక్కన పెట్టడం ఈ మధ్యే నేర్చుకుంది.

"ఆ ఉద్యోగం నాకొద్దు కర్ట్. ఎవరికివ్వాలో తేల్చే కుర్చీ కావాలి. బోర్డుకి నిలబడుతున్నా. శుక్రవారమే వెళ్లి పేరిచ్చి వచ్చాను. లార్కిన్‌లో ఇల్లిల్లూ సంతకం పెట్టింది."

"ఏ కుర్చీ?"

"నువ్వు కూర్చున్నది."

కర్ట్ నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి మానుకున్నాడు. కాస్త కసిగానే అడిగాడు. "ఓడిపోతే?"

"ఓడిపోయినా ఫరవాలేదు," అంది రోండా, లేచి కప్పులు తీస్తూ. తనది ఒక్కటే తీసింది. "నీకు ఓటెయ్యని మనిషి రోజూ నీ పక్కనే పడుకుంటోందని మూడు ఊళ్లకీ తెలుస్తుంది."